జట్టు పెట్టె: ఆరు నెలలు వాడేక రాస్తున్నాను

పిల్లల చేత జట్లుగా కలిపి పాఠాలు చదివించడానికి టీచర్లకి అమ్మే పెట్టె ఇది. మూత మీద నలుగురు పిల్లలు తలలు దగ్గర పెట్టుకుని నవ్వుతున్న బొమ్మ ఉంటుంది. మా ఆరో తరగతిలో ఆ పెట్టె విప్పిన మొదటి రోజున నలుగుర్నీ నలుగుర్నీ కలిపి కూర్చోబెడితే, పది నిమిషాలు తిరక్కుండా ఒకడి చొక్కా గుండీ ఊడింది, ఒక గుంట ఏడుపు లంకించుకుంది, పక్క క్లాసు మేష్టారు కిటికీలోంచి తొంగిచూసి "ఏటి మేడమ్, క్లాసా, సంతా?" అని అడిగేరు. ఆ రోజే రివ్యూ రాసుంటే ఒక్క స్టార్ పడేసి ఊరుకునేదాన్ని. ఆరు నెలలు ఆగేను కాబట్టి కథ కాస్త పెద్దదయింది, ఓపికున్నవాళ్లు చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో పొందూరుకీ ఆమదాలవలసకీ మధ్య ఒక ప్రాథమికోన్నత పాఠశాల. ఊరి పేరుతో మీకు పని లేదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సోషల్ నాదే. ఆరో తరగతిలో 27 మంది. ఇరవై ఏడుని నాలుగుతో భాగిస్తే మూడు మిగుల్తాయి. ఈ మిగిలిన ముగ్గురి గురించి పెట్టె చేసినవాళ్లకి ఆలోచనే రాలేదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

వేసవి సెలవుల్లో ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించేను. 1,480 రూపాయలు, కొరియర్‌కి మరో 90. స్కూలు డబ్బు కాదు, నా జీతంలోదే. మా ఆయన "ఆ డబ్బుకి మంచి కుక్కరొచ్చును" అన్నారు. కుక్కరు ఇంట్లో రెండున్నాయి. కంపెనీ పేరు మాత్రం రాయను. పొగిడితే కమీషన్ తీసుకుందంటారు, తిడితే ఏదో పగ ఉందంటారు. సహకార అభ్యసనం, అంటే పిల్లలు జట్లుగా ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకోవడం, అని బీఈడీలో మనందరం చదువుకుని పరీక్ష రాసి మర్చిపోయిన పాఠం ఉంది చూడండి, దాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ఇలాంటివి ఇప్పుడు నాలుగైదు రకాలు దొరుకుతున్నాయి, నేను చెప్పేది వాటన్నిటికీ కొద్దోగొప్పో వర్తిస్తుంది.

లోపల ఏమున్నాయంటే: నాలుగు రంగుల్లో అచ్చేసిన పాఠం కార్డులు 96, ఏమీ అచ్చులేని ఖాళీ కార్డులు 24, పిల్లల చొక్కాలకి పెట్టే బ్యాడ్జీలు, రెండు పాచికలు, మూడు నిమిషాల ఇసుక గడియారం ఒకటి, గోడకి తగిలించే ఆంధ్రప్రదేశ్ పటం, టీచరు కోసం నలభై పేజీల చిన్న పుస్తకం.

ముందు పుస్తకం గురించి, ఎందుకంటే పెట్టె మొత్తంలో మనసుపెట్టి చేసింది అదొక్కటే. తేట తెలుగులో ఉంది. 'ముక్కల పాఠం' ఎలా పుట్టిందో ఒక పేజీలో చెప్పేరు. 1971లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ ఊరు. అప్పటిదాకా వేరువేరు బళ్లలో చదివిన తెల్లవాళ్ల పిల్లల్నీ, నల్లవాళ్ల పిల్లల్నీ, మెక్సికో మూలాలున్న పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టేసరికి గొడవలు మొదలయ్యేయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తని పిలిచేరు. ఆయన తరగతుల్లో కూర్చుని చూస్తే కనబడిందేమిటంటే, టీచరు ప్రశ్న వెయ్యగానే పదిమంది చేతులెత్తడం, ఒకరు చెప్పడం, మిగతా తొమ్మిదిమంది వాడు తప్పు చెప్తే బాగుణ్ణని చూడడం. అందుకని పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో పిల్లాడి చేతిలో ఒక్కో ముక్క పెట్టేరు. పక్కవాడి ముక్క వినకపోతే తనకి పాఠం పూర్తవదు. వాడు నచ్చినా నచ్చకపోయినా చెవి పెట్టక తప్పదు.

ఆ పేజీ చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మా దగ్గర అలాంటి గోడ లేదని చెప్పలేను. ఏ టీచర్నైనా అడగండి, పిల్లల్ని వాళ్లిష్టానికి వదిలేస్తే ఎలా కూర్చుంటారో. వీధి వారీగా కూర్చుంటారు. ఏ వీధి ఎవరిదో నేను మీకు వివరించాలా?

అంత మంచి పుస్తకం రాసినవాళ్లు, అచ్చు కార్డుల దగ్గరికొచ్చేసరికి తమ పుస్తకాన్ని తామే చదవలేదు. 96 కార్డుల్లో సగానికి పైగా ఒకటే మూస. ఒక బొమ్మ, కింద "గుంపులో చర్చించి జవాబు రాయండి". నలుగురికీ ఒకటే కార్డు, ఒకటే కాగితం. ఇంకేముంది, చదువొచ్చిన గుంట కాగితం లాక్కుని గబగబా రాసేస్తుంది, ఇద్దరు కిటికీలోంచి గేదెల్ని చూస్తారు, నాలుగోవాడు గుండీ పీకుతాడు. మొదటి రోజు సంత అందుకే అయింది. తప్పు పిల్లలదనుకుని మొదట వాళ్లనే కేకలేసేను. రెండో వారంలో గానీ తెలియలేదు, ఆ కార్డులో రెండోవాడికీ మూడోవాడికీ అసలు పనే లేదని. పని లేనివాడు అల్లరి చెయ్యకేం చేస్తాడు?

పైగా గుంపుకంతటికీ కలిపి ఒకటే మార్కు వెయ్యమని కార్డు వెనకాల రాసి ఉంది. ఇది మరీ అన్యాయం. కష్టపడిన పిల్లకీ అదే మార్కు, గేదెల్ని చూసినవాడికీ అదే మార్కు. రాబర్ట్ స్లావిన్ అని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1970ల్లో ఈ జట్టు చదువుల మీద పనిచేసినాయన ఒకరుండేవారు. ఆయన పద్ధతిలో చదవడం కలిసే, పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లు రాయాలి. ఆ సంగతి ఈ పెట్టెలో ఎక్కడా లేదు. దాన్ని నేను ఎలా అతికించేనో ముందు ముందు చెప్తాను, ఆ పని వల్ల ఒక తల్లి చేత మాట కూడా పడ్డాను.

పెట్టెలో నిజంగా పనికొచ్చినవి ముక్కల పాఠం కార్డులు, ఇరవై నాలుగు. అందులో నదుల పాఠం తీసేను. గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర. మా క్లాసులో గోదావరిని చూసింది ఒక్కడు, అదీ విజయవాడ వెళ్తూ రాత్రి రైల్లోంచి. మిగతా మూడూ వాళ్లకి పేర్లే. బట్టీ కొట్టి ఒప్పజెప్పేసేరు. అలా ఒప్పజెప్పడానికి 1,480 రూపాయల పెట్టె దేనికి?

అప్పుడు ఖాళీ కార్డులు తీసేను. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా. ఒక్కో కార్డు మీద నాలుగే సంగతులు రాసేను. ఎక్కడ పుడుతుంది, ఏ ఊళ్ల మీదుగా వస్తుంది, దాని మీద ఏం కట్టేరు, ఎవరి పొలాలకి నీళ్లు. నాగావళి కార్డులో రాయగడ, తోటపల్లి బ్యారేజీ, శ్రీకాకుళం పట్టణం, కళ్లేపల్లి దగ్గర సముద్రం. వంశధార కార్డులో హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, చివర కళింగపట్నం. మహేంద్రతనయకి మహేంద్రగిరి, బారువ. బాహుదాకి ఇచ్ఛాపురం. పుట్టిన చోటు మాత్రం "కొండల్లో" అని వదిలెయ్యకుండా రాష్ట్రం పేరుతో సహా రాసేను. కావాలని రాసేనని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి ఖాళీ ఉందని రాసేను.

పద్ధతి ఇది. సొంత గుంపులో నలుగురు, తలో నది. ఒకే నది వచ్చినవాళ్లంతా లేచి ఒక చోట చేరాలి, దాన్ని నిపుణుల గుంపంటారు. అక్కడ తమ నదిని చదువుకుని, అనుమానాలు తీర్చుకుని, ఎలా చెప్పాలో కూడబలుక్కుని, మళ్లీ సొంత గుంపుకొచ్చి మిగతా ముగ్గురికీ చెప్పాలి. ఇరవై ఏడు మంది కదా, మూడు గుంపుల్లో నలుగురు, మూడు గుంపుల్లో అయిదుగురు అయ్యేరు. అయిదుగురున్న చోట ఒక నదికి ఇద్దరు. దాంతో నిపుణుల గుంపుల్లోకి ఆరుగురూ ఏడుగురూ వచ్చిపడ్డారు. ఏడుగురంటే మళ్లీ సంతే, అందుకని ఒక్కో నదినీ రెండు గుంపులుగా విడగొట్టేను. సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకంలో వచ్చిన డ్యూయల్ డెస్కులు బరువు, ఈడ్చలేం. అందర్నీ వరండాలో కింద కూర్చోబెట్టేను.

మహేంద్రతనయ వచ్చినవాళ్లలో వెనక బెంచీ కుర్రోడొకడు. వాళ్ల నాన్న చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉంటాడు, వాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఆరో తరగతికొచ్చినా కూడబలుక్కునే చదువుతాడు. కార్డు చేతిలో పెట్టగానే నా వెనకే వచ్చి మెల్లిగా, "మేడమ్, నాకు సదవడం రాదు కదా, నానేటి సెప్తాను?" అన్నాడు. "నువ్వు చెప్పకపోతే మీ గుంపులో ఇంకెవ్వరికీ ఆ ఏరు తెలీదురా" అన్నాను. భయపెట్టడానికన్న మాటేమీ కాదు, ఉన్న సంగతే. నిపుణుల గుంపులో ఒక పిల్ల వాడికి కార్డు రెండుసార్లు చదివి వినిపించింది. మూడోసారి వాడే సుద్దముక్క అడిగి తీసుకుని వరండా గచ్చు మీద గీత గీసేడు. పైన ఒక కొండ, కింద అలలు, మధ్యలో మెలికలు. సొంత గుంపుకి వెళ్లినప్పుడు కార్డు తీసుకెళ్లలేదు, సుద్దముక్క తీసుకెళ్లేడు. మళ్లీ అదే బొమ్మ గీసి, "ఇదిగో ఇక్కడ పుట్టింది, ఇదిగో బారువ, ఇక్కడ సముద్రంలో కలిసిపోయింది" అని వేలితో నడిపించి చూపించేడు. మా హెచ్చెమ్ గారు అటుగా వెళ్తూ కాసేపు ఆగి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేరు. ఆయన ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టు లెక్క.

ఆ తర్వాత జరిగినదాని కోసమే ఈ రివ్యూ రాస్తున్నాననుకోండి. ఒక గుంపులో నలుగురూ చెప్పడం అయ్యేక చేపల వ్యాపారం వాళ్ల అమ్మాయి లేచి, "మేడమ్, అన్ని ఏర్లూ ఒడిశాలోనే పుట్టేయేటి?" అని అడిగింది. ఏ కార్డులో దాని నది పుట్టిన చోటే ఉంది గానీ, అన్నీ అక్కడే అన్న మాట ఏ ఒక్కదానిలోనూ లేదు. నాలుగూ పక్కపక్కన పెట్టుకుంటేనే కనబడుతుంది. నేను జవాబు చెప్పేలోపే పక్కవాడు అందుకున్నాడు. "అందుకేనేటి, మనకి సినుకు పడకపోయినా ఏటికి వరదొచ్చేస్తాది?" పైన ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండలో కూడా నాగావళి పొంగుతుందని పదహారేళ్లుగా నేను బోర్డు దగ్గర నిలబడి చెప్తున్నాను. పిల్లలు రాసుకునేవారు. ఇంటికెళ్లి ఎవరికైనా చెప్పేరో లేదో నాకు తెలీదు. ఈసారి మర్నాడు ఒక తండ్రి స్కూలు గేటు దగ్గర ఆపి, "ఏటండీ టీచరమ్మ గారూ, మా గుంట రాత్రి అన్నం కాడ కూడా ఏర్లే ఏర్లు" అన్నాడు.

అన్నీ ఇలా బాగుంటాయని అనుకోవద్దు. ముక్కల పాఠానికి పెద్ద శత్రువు గైర్హాజరు. ఊళ్లో అమ్మవారి సంబరమైనా, కోతలైనా, ఎవరింట్లో పెళ్లైనా ఆ రోజు ఆరుగురు రారు. వంశధార ఉన్న పిల్ల రాకపోతే ఆ గుంపుకి వంశధార లేదు. పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని రాసుంటారు. నేను రెండు నెలలు తంటాలు పడి, ముఖ్యమైన ముక్కకి ఎప్పుడూ ఇద్దర్ని పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ మిగిలిన ముగ్గురూ ఇందుకు పనికొచ్చేరు చూడండి.

ఇక మార్కుల గొడవ. స్లావిన్ గారి లెక్క ఇలా ఉంటుంది. ప్రతి పిల్లకీ పాత పరీక్షల సగటు ఒక ఆధారం. కొత్త పరీక్షలో ఆధారం కన్నా పదికి పైగా తగ్గితే 5 పాయింట్లు, పదిలోపు తగ్గితే 10, ఆధారానికి సమానంగానో పదిలోపు ఎక్కువగానో వస్తే 20, పదికి మించి పెరిగితే 30. నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లకి ఆధారంతో పని లేకుండా 30. జట్టులో అందరి పాయింట్ల సగటు ఆ జట్టు స్కోరు. మా పరీక్ష మార్కుల్ని నూటికి మార్చుకుని ఇదే వాడేను.

మహేంద్రతనయ కుర్రోడి సగటు 35, ఈసారి 50 వచ్చింది. పదిహేను పెరిగింది కాబట్టి 30 పాయింట్లు. క్లాసు ఫస్టు వచ్చే పిల్ల సగటు 90, ఈసారి 88. రెండు తగ్గింది కాబట్టి 10 పాయింట్లు. చార్టు గోడకి అంటించిన మర్నాడే ఆ పిల్ల తల్లి వచ్చేసింది. "అయ్యబాబోయ్, ఏటండీ ఈ లెక్క? మా గుంటకి ఎనబై ఎనిమిదొస్తే పది, ఆడికి యాబయ్యొస్తే ముప్పయ్యా? రేపు ఉద్యోగానికి కూడా ఇలాగే ఏస్తారేటి?" ఆవిడ అన్నదాంట్లో అన్యాయం లేదు. ప్రోగ్రెస్ కార్డులో అమ్మాయి 88 అలాగే ఉంటుందమ్మా, ఈ పాయింట్లు జట్టు ఆటకే అని రిజిస్టరు తీసి చూపించేను. ఆవిడ ఇంకా ముఖం గంటు పెట్టుకునే ఉంది. అప్పుడు పిల్లే అందుకుని, "అమ్మా, నూరు తెస్తే నాకూ ముప్పయ్యే. మా జట్టోళ్లకి నేను సరిగ్గా సెప్పలేదు, అందుకే ఓడిపోయేం" అంది. తల్లి నా వైపో చూపు, కూతురి వైపో చూపు చూసి వెళ్లిపోయింది. ఒప్పుకుందని చెప్పలేను. తర్వాత మళ్లీ రాలేదు, అంతే.

చిన్నచిన్న వస్తువుల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాచికలకి ఆరు ముఖాలు, గుంపులో పిల్లలు నలుగురు. నంబరు పడినవాళ్లు లేచి జవాబు చెప్పాలి, ఎవరికి పడుతుందో తెలీదు కాబట్టి అందరూ సిద్ధంగా ఉండాలి, ఆలోచన మంచిదే. మరి 5, 6 పడితే? పెట్టె చేసినవాళ్లు ఒక్కసారైనా ఆ పాచిక వేసి చూసేరా అని నా అనుమానం. పిల్లలే రూలు కనిపెట్టేరు. 5 పడితే టీచరు చెప్పాలి, 6 పడితే పక్క జట్టు ఎవర్ని లేపమంటే వాళ్లు లేవాలి. 5 కోసం వాళ్లు దేవుడికి దణ్ణాలు పెట్టుకుని మరీ వేస్తారు. బ్యాడ్జీల మీద 'నాయకుడు', 'లేఖకుడు', 'సమయపాలకుడు' అని మగపేర్లే. మా క్లాసులో ఆడపిల్లలే ఎక్కువ, "మేడమ్, నేను నాయకుణ్ణా?" అని ఒకర్తి నవ్వులు. పిన్నులు వానాకాలంలోనే తుప్పు పట్టేయి, ఇప్పుడు దారం కట్టి మెళ్లో వేసుకుంటున్నారు. కార్డుల లామినేషన్ ఆగస్టులో అంచుల దగ్గర విచ్చుకుంది. ఇసుక గడియారం మాత్రం బంగారం. పుస్తకంలో 'ఆలోచించు, జతతో చెప్పు, అందరికీ చెప్పు' అని ఒకటుంది, మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన పద్ధతి. దానికి ఈ పెట్టే అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. ఒక ప్రశ్న, కాసేపు నోళ్లు మూసుకోవడం, తర్వాత పక్కవాడితో మాట్లాడడం. ఆ కాసేపు నోళ్లు మూయించడానికి ఇసుక గడియారం నా బెత్తం కన్నా బాగా పనిచేసింది.

పటం దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండింది. కొత్త పెట్టెలో పాత పటం, పదమూడు జిల్లాలతో. 2022 ఏప్రిల్ 4న పదమూడు కాస్తా ఇరవై ఆరయ్యేయని వాళ్లకి ఎవరూ చెప్పలేదో, పాత స్టాకు వదిలించుకున్నారో. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నారు. నోట్ చేసుకునే ఉంటారు, పటమైతే రాలేదు.

చించి పారెయ్యబోయి ఆగేను. దాన్ని గోడకి తగిలించి, "ఇందులో తప్పులున్నాయి, జట్టుగా పట్టుకోండి" అన్నాను. మూడు ఖాళీ కార్డులు రాసిచ్చేను. మొదటిదాన్లో, 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాలోంచి శ్రీకాకుళం విడివడింది. రెండోదాన్లో, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. మూడోదాన్లో, 2022లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లేయి. నాలుగో కార్డు ఖాళీగానే ఇచ్చి, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకురమ్మన్నాను. మర్నాడు క్లాసు చూడాలి. ఒకడు మా అత్తోళ్లది రాజాం, ఆళ్లు ఊరు మారలేదు గానీ జిల్లా మారిపోయేరన్నాడు. ఇంకో పిల్ల వాళ్ల ముత్తాత అదే ఇంట్లో విశాఖపట్నం జిల్లాలో పుట్టేడట, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాడట, మధ్యలో గడప దాటలేదట. అందరూ ఒకటే నవ్వు. జిల్లా అనేది మనుషులు గీసిన గీత అని చెప్పడానికి నేను వేరే మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. కాబట్టి ఆ తప్పు పటానికి కూడా అర స్టార్ ఇవ్వాలేమో. ఇవ్వను. అది వాళ్ల గొప్ప కాదు.

ఖాళీ కార్డుల్లో చివరివి పొందూరు ఖద్దరుకి ఖర్చయ్యేయి. అచ్చు కార్డుల్లో 'చేతివృత్తులు' అని ఒక సెట్టుంది, అందులో కుమ్మరి సారె, కమ్మరి కొలిమి బొమ్మలు. మా పక్క ఊళ్లో ప్రపంచానికి తెలిసిన నేత ఉండగా ఆ బొమ్మలెందుకు? పత్తిని దువ్వడం, గింజ తియ్యడం, ఏకి ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం అని నాలుగు ముక్కలు చేసేను. దువ్వడం ముక్క ఎవరికిచ్చినా చదివి "వాలుగ చేప దవడతో దువ్వుతారు" అని ఒప్పజెప్పేస్తున్నారు గానీ, చేప దవడేమిటి, పత్తి దువ్వడమేమిటి అని ఒక్కరికీ బుర్రకెక్కలేదు. నాకూ చూపించడానికి ఏమీ లేదు. మూడో రోజున, క్లాసులో నోరు విప్పి ఎరగని ఒక గుంట పలకసంచిలోంచి గుడ్డలో చుట్టిన వస్తువు తీసింది. వాళ్ల నానమ్మ వడుకుతుందట.

అది బెత్తెడు కూడా లేదు. ఎముక పసుపు తిరిగి నున్నగా ఉంది, పుల్లకి కట్టి ఉంది. అంచున పళ్లు ఎంత సన్నగా ఉన్నాయంటే, దగ్గరికి తెచ్చుకుంటే గానీ పళ్లని తెలీదు, గీరితే గరుగ్గా తగుల్తాయి. ఆ పిల్ల పత్తికాయలోంచి ఒక్క గింజ పట్టుకుని, దాని చుట్టూ ఉన్న దూదిని ఆ దవడతో రెండుసార్లు దువ్వింది. దూది చెత్తంతా పోయి పట్టులా సాగింది. "ఇలా ఒక్కో గింజకీ సెయ్యాలి. మా నానమ్మ రోజంతా సేత్తాది" అంది. అప్పుడు నాగావళి నాడు వరద గురించి అడిగిన కుర్రోడు, "మరి రోజంతా సేస్తే ఎంతిస్తారు?" అన్నాడు. ఆ పిల్ల అంకె చెప్పింది. క్లాసు ఒక్క క్షణం చడీచప్పుడూ లేకుండా అయిపోయింది. ఆ అంకె ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు, ఆ ఇంటి సంగతి అది. ధర, కూలి, దళారి అని పాఠ్యపుస్తకంలో మూడు పేరాలున్నాయి. ఆ మూడు పేరాలూ ఆ పూట ఎవరూ చదవలేదు, అరగంట సేపు వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. నేను బోర్డు పక్కన కూర్చుని విన్నాను. ఎనిమిది వందలకి అమ్మే బట్టలో నానమ్మకి ఎంత, నేసినవాడికెంత, కొట్టువాడికెంత అని వాళ్లు గచ్చు మీద లెక్కలేస్తుంటే లెక్కల మేష్టారొచ్చి "ఇది నా పీరియడ్ మేడమ్" అన్నారు. పది నిమిషాలు దాటేసింది.

మరి మార్కులు పెరిగేయా అని అడుగుతారు, నాకు తెలుసు. నోటితో చెప్పే జవాబులు బాగా మెరుగయ్యేయి, పటంలో చూపించమంటే ఇదివరకు పదిమంది తల దించుకునేవారు, ఇప్పుడు ఇద్దరో ముగ్గురో. చిన్న ప్రశ్నలు, పటం ప్రశ్నలు బాగా రాస్తున్నారు. పెద్ద వ్యాసం ప్రశ్నల్లో పెద్ద తేడా లేదు. మాట్లాడింది రాయడం వేరే చదువు, అది ఈ పెట్టె నేర్పలేదు, నేను కూడా ఇంకా నేర్పలేదు. సంవత్సరాలు, రాజుల పేర్లు గుంపులో కన్నా ఒంటరిగా కూర్చుని చదివినప్పుడే బాగా ఎక్కుతున్నాయి మా పిల్లలకి. కాబట్టి వారానికి రెండు పీరియడ్లే జట్టు పని, మిగతావి మామూలుగానే. రోజూ చేస్తే పిల్లలకీ విసుగే, నా గొంతూ ఉండదు.

ఏడో తరగతికీ వాడి చూసేను గానీ అక్కడ అంత కుదర్లేదు, గుంపుల్లో గొడవలు ఎక్కువ. మొత్తానికి అయిదుకి మూడు స్టార్లు. పుస్తకానికి రెండు, ఇసుక గడియారానికి అర, ఖాళీ కార్డులకి అర. అచ్చు కార్డుల్లో ముక్కల పాఠం సెట్టు తప్ప మిగతావి బీరువాలో పడున్నాయి. ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లొచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లయితే, ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఒక పెట్టె కొనుక్కుని పుస్తకం వంతులేసుకుని చదవండి, తలో 1,480 తగలెయ్యకండి.

ఖాళీ కార్డులు విడిగా అమ్ముతారా అని కంపెనీవాళ్లని అడిగేను. అమ్మరట, పెట్టె మొత్తం కొనాలట. అందుకని పోయిన ఆదివారం శ్రీకాకుళం వెళ్లినప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక జెరాక్స్ షాపులో దళసరి అట్ట తీయించి అదే సైజులో అరవై ముక్కలు కోయించేను. ముక్కకి రెండు రూపాయలు. కుర్రాడు మూలలు గుండ్రంగా కోసివ్వనా అంటే సరే అన్నాను, దానికి వేరే పదిహేను తీసుకున్నాడు. వచ్చే నెల పంచాయతీ పాఠం ఉంది. సర్పంచి, వార్డు మెంబరు, కార్యదర్శి, ఓటరు, నాలుగు ముక్కలు. ఓటరు కార్డు ఎవరికివ్వాలో ఇంకా ఆలోచించుకోలేదు, ఇప్పటికే ముగ్గురు నాకంటే నాకని అడుగుతున్నారు.